విశాఖలో అమ్మకానికి తిరుగుతున్న తెల్ల పీసీ ఇంజిన్ గురించి ఒక హెచ్చరిక

గత నెల రెండో వారంలో నేను 16,500 రూపాయలు పెట్టి పీసీ ఇంజిన్ అనే ఒక పాత జపాన్ గేమ్ కన్సోల్ కొన్నాను. కొన్నది దాని డొల్ల మాత్రమేనని ఇంటికి తెచ్చి విప్పించాక తెలిసింది. అదే మనిషి ఇప్పుడు మరో ప్రకటనతో, మరో యంత్రంతో మళ్లీ కనిపిస్తున్నాడు కనుక, విశాఖపట్నం, గాజువాక, అనకాపల్లి ప్రాంతాల్లో పాత గేమ్ కన్సోళ్లు సేకరించే మిత్రులు తొందరపడి డబ్బు పంపకుండా ఉండేందుకు జరిగినదంతా వరుసగా రాస్తున్నాను. అమ్మిన వ్యక్తి పేరు గానీ నంబరు గానీ ఇక్కడ రాయడం లేదు. అవి ఫిర్యాదులో ఉన్నాయి. పైగా ఆ నంబరు ఎలాగూ మారిపోయింది.

ఈ యంత్రం సంగతి తెలియని వారికి రెండు మాటలు చెప్పాలి. ఎన్ఈసీ, హడ్సన్ సంస్థలు కలిసి రూపొందించిన పీసీ ఇంజిన్ 1987 అక్టోబరు 30న జపాన్‌లో విడుదలైంది. పొడవూ వెడల్పూ సుమారు 14 సెంటీమీటర్లు మాత్రమే ఉండే తెల్లని పెట్టె అది. ఆటలు లావుపాటి కాట్రిడ్జ్‌లలో కాకుండా, ఇంచుమించు ఏటీఎం కార్డంత ఉండే హ్యూకార్డులలో వస్తాయి. కార్డును ముందు నుంచి దూర్చి, పక్కనున్న స్విచ్చిని జరిపితే యంత్రం ఆన్ అవుతుంది. ఆన్‌లో ఉన్నంతసేపు ఆ స్విచ్చే కార్డు బయటికి రాకుండా పట్టి ఉంచుతుంది. మన తరంలో చాలామందికి వీడియో గేమ్ అంటే నింటెండో ఫామికామ్‌కు నకళ్లుగా వచ్చిన పెట్టెలు, వాటితోపాటు ఇచ్చే '9999 ఇన్ 1' కాట్రిడ్జ్, అందులో లెక్కపెడితే పట్టుమని పాతిక ఆటలు కూడా లేకపోవడం. అలాంటి ఊళ్లో అసలైన పీసీ ఇంజిన్ దొరుకుతుందంటే ఎవరికైనా చేతులు ఆడవు. నాకూ ఆడలేదు.

ప్రకటనలో ఒకే ఒక ఫొటో ఉంది. పచ్చ గళ్ల దుప్పటి మీద యంత్రం, దాని పక్కన ఒక హ్యూకార్డు, ఒక ప్యాడ్. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడే కుర్రవాడు ఎత్తాడు. "మా నాన్నగారు షిప్పులో పనిచేసేవారు సార్, యొకోహామా నుంచి తెచ్చారు, అటక మీద అలాగే ఉండిపోయింది" అన్నాడు. 1933 నుంచి పోర్టు నడుస్తున్న ఊరు మనది. సింధియాలోనూ మల్కాపురంలోనూ వన్ టౌన్‌లోనూ ఓడల్లో పనిచేసి వచ్చిన వారి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మా చిన్నతనంలో మా వీధిలోనే ఒకాయన ఓడ దిగి వస్తూ తెచ్చిన టేప్ రికార్డర్‌ను చూడటానికి పిల్లలందరం కిటికీ దగ్గర మూగేవాళ్లం. కాబట్టి ఆ మాట నాకు వింతగా తోచలేదు సరికదా, నేనే అతనికి సాయం చేశాను. ఏ సంవత్సరంలో తెచ్చారని అడగకుండా, "ఎనభై ఎనిమిది, ఎనభై తొమ్మిది ప్రాంతంలోనా బాబూ?" అని నేనే అందించాను. "అవును సార్, ఎనభై ఎనిమిదే" అన్నాడు. కథలో సగం నేనే అల్లి పెట్టానన్న సంగతి తరువాత తలుచుకుంటే నా మీద నాకే నవ్వు వచ్చింది.

పనిచేస్తున్నట్టు చూపించమని అడిగితే గంటలో వీడియో పంపాడు. గోడకు బిగించిన టీవీలో ఆట నడుస్తోంది, రంగులు చక్కగా ఉన్నాయి, సంగీతం స్పష్టంగా వినిపిస్తోంది. కెమెరా నెమ్మదిగా కిందికి దిగి బల్ల మీదున్న తెల్ల యంత్రాన్ని, అందులో ఉన్న కార్డును చూపించి ఆగిపోయింది. ఆ వీడియోను నేను ఆ రాత్రి ఐదారుసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ ఆటనే చూశాను. మరునాడు పొద్దున్నే 6,500 రూపాయలు అడ్వాన్సుగా ఫోన్‌లోనే పంపించాను.

యంత్రాన్ని వారి ఇంటికి వచ్చి తీసుకుంటానంటే, నాన్నగారికి ఒంట్లో బాగాలేదని, ఎన్ఏడీ కొత్త రోడ్డు దగ్గరికి తానే తెస్తానని చెప్పాడు. సాయంత్రం ఏడు దాటింది, వాన పడుతోంది, ఇద్దరం ఫ్లైఓవర్ కింద స్కూటర్లు ఆపుకుని నిలబడ్డాం. యంత్రాన్ని పాలిథిన్ కవరులో చుట్టి చుట్టూ టేపు వేశాడు. పక్కనే తెలిసిన వారి కొట్టు ఉంది, అక్కడ ఒకసారి ప్లగ్గులో పెట్టి చూద్దామన్నాను. అతను కంగారు పడకుండా చెప్పిన మాట ఇది: "అడాప్టర్ జపాన్‌ది సార్. అక్కడ 100 వోల్టులు, మన దగ్గర 230. పెడితే కాలిపోతుంది. పైగా ఇది ఆర్ఎఫ్ మోడల్, మన టీవీలకు రాదు, మీరు ఏవీ పెట్టించుకోవాలి."

ఆర్ఎఫ్ అంటే బొమ్మను, శబ్దాన్ని కలిపి టీవీ యాంటెనా దారిలో పంపే పద్ధతి, ఏవీ (ఆడియో-వీడియో) అంటే వాటిని విడివిడి తీగల్లో పంపే పద్ధతి. ఈ రెండు మాటలూ అక్షరాలా నిజం. ఆ నిజాలే నన్ను ముంచాయి. ఇంత తెలిసినవాడు మోసగాడు కాడన్న నమ్మకంతో, వానలో తడుస్తూనే మిగిలిన 10,000 రూపాయలు పంపించి ఇంటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చి తల తుడుచుకుంటుండగా వెలిగింది. మన టీవీకి రాని యంత్రం అతని టీవీలో ఎలా వచ్చింది? 1987 నాటి తెల్ల పీసీ ఇంజిన్‌కు ఆర్ఎఫ్ తీగ పెట్టే రంధ్రం తప్ప ఏవీ అవుట్‌పుట్ లేదు. అది 1989లో వచ్చిన ముదురు రంగు కోర్‌గ్రాఫిక్స్ వంటి తరువాతి మోడళ్లలోనే వచ్చింది. జపాన్ పద్ధతిలో బొమ్మకు, శబ్దానికి మధ్య దూరం 4.5 మెగాహెర్ట్జ్ కాగా, మన పద్ధతిలో అది 5.5 మెగాహెర్ట్జ్, కనుక ఆర్ఎఫ్ తీగతో ఇక్కడి మామూలు టీవీకి కలిపితే, బొమ్మ ఎలాగోలా పట్టుబడినా శబ్దం సరిగా రాదు. అతని వీడియోలో సంగీతం గంట కొట్టినట్టు వినిపించింది. మళ్లీ తెరిచి, ఈసారి ఆటను వదిలేసి టీవీని చూశాను. టీవీ పక్క నుంచి పసుపు తలకాయ ఉన్న ఏవీ తీగ వేలాడుతోంది. ఆ తీగ రెండో కొస ఎక్కడికి పోయిందో వీడియోలో ఎక్కడా లేదు. ఆట మరేదో పరికరం నుంచి వస్తోంది, తెల్ల యంత్రం బల్ల మీద అలంకారంగా ఉంది.

మరునాడు అల్లిపురంలో నాకు తెలిసిన పాత టీవీ మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయనను నేను బాబాయ్ అని పిలుస్తాను. నలభై ఏళ్లుగా సోల్డరింగ్ ఇనుము పట్టిన చెయ్యి. ఈ యంత్రాలకు మామూలు స్క్రూడ్రైవర్‌తో ఊడని 4.5 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన స్క్రూలు ఉంటాయి, వాటికి తగిన బిట్టు నా దగ్గర ఉంది. తిరగేసి చూస్తే ఒక మూల ఆ స్క్రూకు బదులు మామూలు స్టార్ స్క్రూ బిగించి ఉంది. రాత్రి టార్చి వేసి అడుగు భాగం చూసి ఉంటే ఫ్లైఓవర్ కిందే అనుమానం వచ్చేది. మూత తీశాక బాబాయ్ కళ్లద్దాలు పైకి జరుపుకుని, బోర్డును వెలుతురుకు పట్టి, "ఏటి బాబూ, దీన్లో గుండెకాయే లేదు కదా" అన్నారు. పీసీ ఇంజిన్ పని అంతా మూడు హడ్సన్ చిప్‌ల మీద నడుస్తుంది: హెచ్‌యూసీ6280, 6270, 6260. వాటిలో రెండు పీకేసి ఉన్నాయి. పీకినవారు తొందరలో ఉన్నట్టున్నారు, చిప్ కాళ్లు అతికే రాగి పట్టీలు కూడా కొన్ని లేచిపోయాయి. వేరే యంత్రాన్ని బాగుచేయడానికి ఎవరో విడిభాగాలు తీసుకుని, మిగిలిన డొల్లను వదిలేశారన్నమాట. మిగిలిన బోర్డు మీద మన సముద్రపు గాలికి పట్టే పచ్చటి చిలుము ఉంది. పైపెట్టె మాత్రం పాల మీగడలా తెల్లగా ఉంది. ఆ కాలపు ప్లాస్టిక్ ఎండకు, వయసుకు పసుపెక్కడం సహజం. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే మళ్లీ తెలుపు వస్తుంది. అటక మీద ముప్పై ఏళ్లకు పైగా పడి ఉన్న వస్తువు అంత తెల్లగా ఎందుకుందని కూడా నేను అడగలేదు.

ఆ హ్యూకార్డు మాత్రం అసలైనదే. సీతమ్మధారలో ఒక మిత్రుడి యంత్రంలో పెట్టి చూశాం, మొదటిసారికే ఆట వచ్చింది. మొత్తం బేరంలో మాట నిలబెట్టుకున్నది అదొక్కటే.

పనిచేయని యంత్రం అమ్మడం తప్పని నేను అనడం లేదు. మూడేళ్ల కిందట పూర్ణా మార్కెట్ దగ్గర ఒక పెద్దాయన నాకు సెగా గేమ్ గేర్ అనే చేతిలో పట్టుకుని ఆడే యంత్రం అమ్మారు. "శబ్దం రాదు, తెర మసకగా ఉంది, చేపల వాసన వస్తోంది, అన్నీ చూసుకుని ఇష్టమైతే తీసుకో నాయనా" అని ముందే చెప్పి 2,500 రూపాయలు తీసుకున్నారు. 1990లో వచ్చిన ఆ యంత్రాల్లో కెపాసిటర్లు అనే చిన్న విడిభాగాలు కారిపోవడం అందరికీ తెలిసిన జబ్బు, ఆ చేపల వాసన వాటిదే. బాబాయ్ ఒక ఆదివారం కూర్చుని కొత్త కెపాసిటర్లు వేస్తే తెర వెలిగింది, శబ్దం వచ్చింది. హుద్‌హుద్‌లో తడిసిందా అని నేను అడిగితే, "తడిసింది, కానీ మూడు రోజులు బియ్యం డబ్బాలో ఉంచాను" అని కూడా ఆయనే చెప్పారు. బియ్యం వల్ల ఏం ఒరిగిందో తెలియదు గానీ, ఆ నిజాయితీకి మాత్రం నేను ఇప్పటికీ దండం పెడతాను.

ఇప్పుడు కొనబోయేవారు చూసుకోవలసినవి చెబుతాను. జపాన్ యంత్రం కొనడానికి వెళ్లేటప్పుడు 230 నుంచి 100 వోల్టులకు తగ్గించే చిన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ సంచిలో ఉండాలి. అప్పుడు "కాలిపోతుంది" అన్న మాటకు చోటే ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఇక్కడి అడాప్టర్ వాడదలిస్తే, పీసీ ఇంజిన్‌కు 9 వోల్టులు, పిన్ను లోపలి వైపు నెగెటివ్ అని గుర్తుంచుకోవాలి. బజారులో దొరికే అడాప్టర్లలో ఎక్కువ భాగం లోపల పాజిటివ్‌గా ఉంటాయి, చూడకుండా గుచ్చితే బాగున్న యంత్రం కూడా పోతుంది. సెగా మెగా డ్రైవ్ అనే కన్సోల్‌లోనే మొదటి మోడల్‌కు లోపల నెగెటివ్, రెండో మోడల్‌కు లోపల పాజిటివ్ అంటే ఈ తికమక ఎంతటిదో ఊహించుకోవచ్చు. తెల్ల పీసీ ఇంజిన్ వెనుకనున్న విస్తరణ పోర్టుకు తగిలించే ఏవీ అడాప్టర్లు దొరుకుతాయి. అది ఒకటి దగ్గరుంటే ఏ కొట్టులో టీవీ ఉన్నా ఐదు నిమిషాల్లో సంగతి తేలిపోతుంది. వీడియో పంపమని అడిగేటప్పుడు, ఆట ఆడుతూ చూపించమనడం దండగ. తీగను యంత్రం దగ్గర చేత్తో పట్టుకుని టీవీ దాకా వేలు జరుపుతూ ఒకే షాట్‌లో చూపించమనండి, ఆట నడుస్తుండగా యంత్రం స్విచ్చి ఆపమనండి. తెర మీద బొమ్మ ఆగకపోతే బేరం అక్కడితో ముగించుకోవచ్చు. అడుగు భాగం, స్క్రూల తలకాయలు కనిపించేలా ఫొటో కూడా అడగండి.

నేను ఫోన్ చేస్తే అతను రెండుసార్లు ఎత్తి, "మీరే విప్పి పాడుచేశారు సార్" అన్నాడు, మూడోసారి నంబరు పనిచేయలేదు. ఆ రోజే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేసి లావాదేవీ వివరాలు ఇచ్చాను, ఫిర్యాదు నమోదైంది. వీడియోను, సంభాషణలను, చెల్లింపుల రసీదులను చెరిపేయకుండా ఉంచుకోవడం వల్ల ఆ పని పది నిమిషాల్లో అయిపోయింది. ఎవరైనా ఇప్పటికే అడ్వాన్సు పంపి ఉంటే, మిగతా డబ్బు ఇవ్వకుండా అదే రోజు ఫోన్ చేయడం మంచిది.

మొన్న శుక్రవారం ఒక మిత్రుడు నాకు ఒక ఫొటో పంపి, "ఇది బాగుందా అన్నయ్యా?" అని అడిగాడు. ముదురు రంగు కోర్‌గ్రాఫిక్స్, ధర 19,000 రూపాయలు, ఈసారి కోబె నుంచి నాన్నగారు తెచ్చారట. నంబరు వేరు, పేరు వేరు. కింద పరిచి ఉన్నది మాత్రం అదే పచ్చ గళ్ల దుప్పటి. కుడి మూల ఇస్త్రీ పెట్టె కాలిన త్రికోణపు మచ్చ కూడా నా ఫొటోలో ఉన్న చోటే ఉంది. ఆ మచ్చ కనిపిస్తే దయచేసి దూరంగా ఉండండి.

నా దగ్గరున్న డొల్లను ఇమ్మని ఇద్దరు అడిగారు. పైపెట్టె బాగుంది కనుక ఎవరికైనా పనికొస్తుందని నాకూ తెలుసు. ఇచ్చే ముందు మూత లోపలి వైపు, పెరాక్సైడ్‌కు కూడా పోకుండా సోల్డరింగ్ ఇనుము కొసతో "6270, 6260 లేవు" అని బాబాయ్ చేత చెక్కించాను.