క్యాట్‌ఫిష్ పరిణామ వృక్షం: కొన్నేళ్ల వాడకం తరువాత

దాదాపు 4,000 జాతులున్న క్యాట్‌ఫిష్‌లను అక్షరక్రమంలో వెతకడం మాని, నేను కొన్నేళ్లుగా వన్‌జూమ్ వెబ్‌సైట్‌లో, జీవుల బంధుత్వాలను చెట్టు రూపంలో చూపే పరిణామ వృక్షంలో కొమ్మ వెంట కొమ్మగా చూస్తున్నాను. ఇందులో ప్రతి ఆకూ ఒక జాతి. అంతరించే ముప్పున్న జాతి ఆకు ఎర్రగా కనిపిస్తుంది. మన చెరువుల మార్పు చేపను శాస్త్రీయ నామంతో వెతికి కొంచెం వెనక్కి జరిగితే, ఇంగిలాయి దగ్గరి కొమ్మ మీదే ఉంటుంది. రెండూ గాలి పీల్చి బతుకుతాయని చేపలు కొనేవారికి తెలిసిందే. అయితే మార్పుకు మొప్పల పైన గుబురుగా చీలిన అవయవం ఉంటుందనీ, ఇంగిలాయికి మొప్పల నుంచి తోక వైపు సాగిన గాలి సంచులుంటాయనీ వెతికి తెలుసుకోవాలన్న ఆసక్తి నాకు రెండింటినీ పక్కపక్కన చూశాకే కలిగింది.

ఈ పద్ధతి విలువను నాకు అందరికన్నా బాగా తెలిపిన చేప లకంటూనియా. మెక్సికోలోని చియాపస్ నదుల్లో దొరికిన ఈ చేపను 2005లో వర్ణించిన శాస్త్రవేత్తలు దానికోసం కొత్త కుటుంబాన్నే ఏర్పరచారు. దేశాలవారీ జాబితాలో అది మెక్సికో చేపల మధ్యే ఉండిపోతుంది. జన్యువుల ఆధారంగా గీసిన చెట్టులో మాత్రం దాని చుట్టాలందరూ ఆఫ్రికా మంచినీటి క్యాట్‌ఫిష్‌లే. మహాసముద్రానికి ఈవలా ఆవలా ఉన్న ఈ బంధుత్వాన్ని మరే అమరికా ఇంత సూటిగా చూపదు.

అక్వేరియం పెంచేవారికి ఇది మరోలా పనికొస్తుంది. 2024లో అక్వేరియాల్లో పెంచే చిన్న క్యాట్‌ఫిష్‌ల కోరిడోరస్ ప్రజాతిని విడగొట్టి పాత పేర్లను పునరుద్ధరించినప్పుడు కంచురంగు కోరి ఆస్టియోగాస్టర్‌లోకి, పాండా కోరి హాప్లిసోమాలోకి వెళ్లాయి. పేర్ల పట్టికలో ఇది గందరగోళంగా తోస్తుంది, చెట్టులో మాత్రం అవి వేర్వేరు కొమ్మలవన్న కారణం కనబడుతుంది.

చెట్టు చెప్పిందే తుదిమాట కాదు. పై దవడ ఎముకకు పళ్లున్న డిప్లోమిస్టిడే కుటుంబమే మిగతా క్యాట్‌ఫిష్‌ల నుంచి మొదట విడిపోయిందని చాలాకాలం భావించారు. 2006లో వెలువడిన జన్యు విశ్లేషణ కవచపు చేపలున్న లోరికారియాయిడే శాఖను ముందు నిలిపింది. ప్రతి చీలికనూ రెండు కొమ్మలుగానే గీసే చిత్రంలో ఇలాంటి సందేహం కనిపించదు కనుక, లోతైన కొమ్మల విషయంలో నేను మూల పరిశోధనా వ్యాసాన్నే చదువుతాను. చేప ఎంత పెరుగుతుంది, నీటి ఉష్ణోగ్రత ఎంతుండాలి అన్న వివరాలకు ప్లానెట్ క్యాట్‌ఫిష్ వెబ్‌సైట్ జాబితానే ఇప్పటికీ ఆశ్రయిస్తున్నాను.