కరెంటు పోయే ఊళ్లో డెస్క్‌టాప్‌ని స్లీప్‌లో పెట్టొచ్చా? చాలాకాలం వాడాక నా సమీక్ష

పెట్టొచ్చు. నేను సంవత్సరాలుగా పెడుతున్నాను. కానీ కొన్న రోజు ఎలా వచ్చిందో అలాగే వదిలేస్తే మాత్రం డెస్క్‌టాప్‌లో స్లీప్ ఏడిపిస్తుంది. ఒకరి సిస్టమ్ ఎంతసేపైనా నిద్రపోదు. ఒకరిది అర్ధరాత్రి దానంతటదే లేచి కూర్చుంటుంది. ఇంకొకరిది ఫ్యాన్ తిరుగుతుంది గానీ తెర మీద ఏమీ రాదు. ఈ మూడూ వేర్వేరు జబ్బులు. మా ఒంగోలులో రిపేరుకు వచ్చిన కుర్రాళ్లు మూడింటికీ దాదాపు ఒకటే మందు చెప్పారు: "ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా." ఫార్మాట్‌తో ఇది నయం కావడం నేనెక్కడా చూడలేదు. కారణం డ్రైవర్ సెట్టింగ్‌లోనో, క్యాబినెట్‌లో కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టెలోనో, యూపీఎస్‌లోనో ఉన్నప్పుడు విండోస్ కొత్తగా ఎక్కించినా అది అక్కడే ఉంటుంది.

నాది లెక్కల పని. చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లకు, ఒంగోలులో కొన్ని షాపులకు ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేస్తాను. నెల నెలా 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20వ తేదీకి 3బీ. ఆ తేదీలు దగ్గర పడేసరికి తెర మీద నాలుగైదు కంపెనీల పుస్తకాలు, ఎక్సెల్ షీట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఒకేసారి తెరిచి ఉంటాయి. భోజనానికి లేచిన ప్రతిసారీ అవన్నీ మూసి, మళ్లీ తెరిచి, ఏ బిల్లు దగ్గర ఆగానో వెతుక్కోవడం నావల్ల కాదు. స్లీప్ ఉంటే కీబోర్డు మీద ఒక్క మీట నొక్కగానే అంతా ఎక్కడ వదిలానో అక్కడే ఉంటుంది. పోర్టల్ లాగిన్ మాత్రం ఎలాగూ పోతుంది, దానికి స్లీప్ ఏమీ చేయలేదు.

కరెంటు లెక్క కూడా చెప్పాలి. ఊరికే వెలుగుతూ 50 వాట్లు తీసుకునే సిస్టమ్‌ని రాత్రి 12 గంటలు అలా వదిలేస్తే 0.6 యూనిట్, నెలకు 18 యూనిట్లు. స్లీప్‌లో అయితే మామూలు డెస్క్‌టాప్ కొద్ది వాట్లతో సరిపెట్టుకుంటుంది.

మొదట స్లీప్ అంటే లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా సులువు. ప్రాసెసర్, డిస్కు, ఫ్యాన్లు అన్నీ ఆగిపోతాయి, ర్యామ్‌కి మాత్రం సన్నగా కరెంటు అందుతూ ఉంటుంది. దీన్ని ఎస్3 అంటారు. హైబర్నేట్ అంటే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసుకుని మెషీన్ పూర్తిగా ఆరిపోవడం, అది ఎస్4. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి తెచ్చిన ఏసీపీఐ అనే పవర్ నిర్వహణ ప్రమాణంలోవి ఈ పేర్లు, కాబట్టి ఏ కంపెనీ మదర్‌బోర్డు బయాస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రాంలో) కనిపించినా అర్థం ఒకటే. మీ సిస్టమ్‌లో ఏవేవి పనిచేస్తాయో తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచి, 'పవర్' స్పెల్లింగ్‌కి సి, ఎఫ్, జి అక్షరాలు అతికించి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి 'ఏ' కొట్టండి. ఉన్నవీ లేనివీ, లేనివి ఎందుకు లేవో కూడా చెప్తుంది. విండోస్ 10లో నేను నేర్చుకున్న ఈ కమాండ్లన్నీ, 2025 అక్టోబర్ 14తో దాని సపోర్టు ఆగిపోయాక నేను మారిన విండోస్ 11లోనూ అలాగే పనిచేస్తున్నాయి.

నిద్రపోని సిస్టమ్ సంగతి తేలిక. అదే కమాండ్‌కి స్లాష్ తర్వాత 'రిక్వెస్ట్స్' అని పెడితే ఎవరు నిద్రపోనివ్వడం లేదో పేరుతో సహా వస్తుంది. ఎక్కువసార్లు బ్రౌజర్‌లో పాట నడుస్తున్న ట్యాబ్ దొరుకుతుంది. నా దగ్గర ఇంకొకటి దొరికింది: ఎస్ఆర్‌వీనెట్, అంటే విండోస్‌లో ఫోల్డర్లను వేరే సిస్టమ్‌లతో పంచుకునే భాగం. ట్యాలీ డేటా ఫోల్డర్ నా సిస్టమ్‌లో ఉంది, పక్క గదిలో అమ్మాయి తన సిస్టమ్ నుంచి అదే ఫోల్డర్ తెరిచి ఎంట్రీలు వేస్తుంది. ఆ షేరింగ్ నడుస్తున్నంతసేపు నా మెషీన్ దానంతటది నిద్రపోదు. పోకపోవడమే మంచిది కూడా, పోతే అవతల ఆమె వేస్తున్న ఓచర్ మధ్యలో తెగిపోతుంది. డేటా ఉన్న సిస్టమ్‌ని పనివేళల్లో చేత్తో కూడా స్లీప్‌లో పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ఇప్పుడు నేను భోజనానికి లేచేముందు ఆమెను అడిగి, ట్యాలీ మూయించి, అప్పుడు పెడతాను.

దానంతటదే లేచే జబ్బు ఎక్కువమందికి ఉంటుంది, విసుగూ ఎక్కువే. రాత్రి రెండు గంటలకు హాల్లో మానిటర్ వెలుగు చూసి మా అమ్మ "ఎవరో ఉన్నార్రా" అని లేపేది. దీనికి స్లాష్ 'లాస్ట్‌వేక్' అడగాలి. చివరిసారి లేపింది ఏ పరికరమో చెప్తుంది. ఒక్కోసారి సున్నా అని చూపించి ఊరుకుంటుంది. అప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ తెరిచి 'పవర్ ట్రబుల్‌షూటర్' పేరున్న వరుసలు చూడాలి. ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, ఎవరు లేపారు అన్న మూడూ ఒకేచోట ఉంటాయి. నేనైతే ముందు ఇక్కడికే వెళ్తాను, ఎందుకంటే చాలా రోజుల చిట్టా ఒక్కసారే కనిపిస్తుంది.

నా చిట్టాలో పదే పదే కనిపించింది లాన్ కార్డు. లేచిన టైములు చూస్తే, వీధిలో కరెంటు పోయి వచ్చిన వెంటనే ఉన్నాయి. కరెంటు రాగానే రౌటర్ కొత్తగా ఆన్ అవుతుంది, కేబుల్‌లో కదలిక వస్తుంది, దాన్నే పిలుపు అనుకుని కార్డు సిస్టమ్‌ని లేపేస్తుంది. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో 'మ్యాజిక్ ప్యాకెట్ (లేపడానికే పంపే ప్రత్యేక సంకేతం) వస్తేనే లేపు' అనే అర్థం వచ్చే మూడో గడి టిక్ చేయాలి. బయటి నుంచి సిస్టమ్‌ని లేపే అవసరమే లేనివాళ్లు దానిపైన ఉన్న రెండో గడి టిక్ తీసేస్తే ఇంకా నయం. కొన్ని కార్డుల్లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో 'వేక్ ఆన్ లింక్' అని వేరే సెట్టింగ్ కూడా ఉంటుంది, అదీ ఆపాలి.

రెండో దొంగ మౌస్. ఫ్యాన్ గాలికి కేబుల్ ఊగినా, టేబుల్ కొంచెం కదిలినా చాలు. డివైస్ మేనేజర్‌లో మౌస్‌కి లేపే అధికారం తీసేసి కీబోర్డుకి మాత్రం ఉంచాను. ఇక మిగిలింది టైమర్లు, అంటే ఫలానా టైముకి లేచి ఫలానా పని చెయ్యమని ముందే పెట్టి ఉంచినవి. స్లాష్ 'వేక్‌టైమర్స్' అంటే కనిపిస్తాయి. పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్‌లో స్లీప్ కింద 'అలౌ వేక్ టైమర్స్'ని డిజేబుల్ చేస్తే సరి. రాత్రి పూట బ్యాకప్ పెట్టుకున్నవాళ్లు మాత్రం ఇది చేసే ముందు ఆలోచించుకోవాలి, ఆ బ్యాకప్ కూడా ఆగిపోతుంది.

లేవని సిస్టమ్ దగ్గరే టెన్షన్. ఫ్యాన్ తిరుగుతోంది, తెర నల్లగా ఉంది. చాలామంది వెంటనే పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు. ఒక్క క్షణం ఆగి క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే సిస్టమ్ లేచినట్టే, బొమ్మ రావడం లేదంతే. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తగా మొదలవుతుంది, తెరిచిన ఫైళ్లు పోవు. మానిటర్‌ని ఒకసారి ఆపి వేసినా చాలాసార్లు బొమ్మ వస్తుంది. తరచూ ఇలా అవుతుంటే గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చి చూడాలి.

క్యాప్స్ లాక్ లైటు కదలకపోతే వ్యవహారం లోతుగా ఉన్నట్టు. ర్యామ్‌ని బయాస్‌లో ఎక్స్ఎంపీ అనే సెట్టింగ్ పెట్టి వేగంగా నడుపుతుంటే అది తీసి చూడాలి, ర్యామ్ స్లాట్లు శుభ్రం చేయాలి. మా వైపు దుమ్ముకి ఇది అవసరమే. నా సిస్టమ్‌కి వచ్చింది మాత్రం ఇంకో రకం. మీట నొక్కితే లేచేది, కానీ పాత పని చూపించకుండా మొదటి నుంచి బూట్ అయ్యేది. ఎండాకాలంలో మరీ ఎక్కువ. స్లీప్‌లో ఉన్న డెస్క్‌టాప్ బతికేది ఎస్ఎంపీఎస్ ఇచ్చే 5 వోల్ట్ స్టాండ్‌బై లైను మీద. ఆ లైనులో కెపాసిటర్లు వేడికి ఉబ్బిపోతే సిస్టమ్ పగలంతా బాగానే నడుస్తుంది, నిద్రలోనే చచ్చిపోతుంది. అందుకే రిపేరుకు వచ్చినవాళ్లు "ఆన్ అవుతోంది కదన్నా, ఎస్ఎంపీఎస్ బాగానే ఉంది" అంటారు. తెలిసినవాళ్ల దగ్గర ఇంకో ఎస్ఎంపీఎస్ తెచ్చి తగిలించి చూస్తే విషయం తేలిపోయింది. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్ పక్కన పెట్టి మంచిది కొన్నాక ఆ బాధ మళ్లీ రాలేదు. స్లీప్ వాడాలనుకునేవాళ్లు ముందు డబ్బు పెట్టాల్సింది దీని మీదే అంటాను.

ఇక అసలైనది, కరెంటు. ఎస్3లో ర్యామ్‌కి సరఫరా తెగితే అందులో ఉన్నదంతా పోతుంది. దీనికోసమే డెస్క్‌టాప్‌లకు హైబ్రిడ్ స్లీప్ అని పెట్టారు. నిద్రపోయేముందు ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్కు మీద కూడా ఒక ప్రతి రాసుకుంటుంది. కరెంటు పోకపోతే ర్యామ్ నుంచి వెంటనే లేస్తుంది, పోతే డిస్కు మీది ప్రతి నుంచి కొంచెం ఆలస్యంగా లేస్తుంది. మన ఊళ్లకు చేసిపెట్టినట్టుంటుంది ఈ ఏర్పాటు. అయితే ఇది హైబర్నేట్ మీద ఆధారపడి ఉంటుంది. "సి డ్రైవ్‌లో చోటు ఖాళీ చేసుకోండి" అని వీడియోల్లో చెప్పే చిట్కా ఒకటుంది, హైబర్నేట్‌ని ఆపేయమని. దానివల్ల కొన్ని జీబీలు మిగిలేది నిజమే, కానీ దాంతోపాటు హైబ్రిడ్ స్లీప్ కూడా చెప్పకుండా పోతుంది. చిన్న ఎస్ఎస్‌డీ ఉన్న సిస్టమ్‌లకు షాపువాళ్లే ఇది చేసి పంపిస్తుంటారు. నేను చూసిన రెండు మూడు ఆఫీసుల్లో, స్లీప్‌లో పెట్టి వెళ్లిన పని కరెంటు పోగానే పోవడానికి ఇదే కారణం. స్లాష్ 'హెచ్ ఆన్' కొట్టి, పవర్ ఆప్షన్స్‌లో 'అలౌ హైబ్రిడ్ స్లీప్' ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

రాత్రికి మాత్రం నేను నేరుగా హైబర్నేటే చేస్తాను. పవర్ మెనూలో అది కనిపించకపోతే, కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట టిక్ పెట్టాలి. తుఫాను కబురు ఉన్న రోజుల్లో ఇది ఇంకా అక్కరకొస్తుంది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు హైబర్నేట్ చేసి, ప్లగ్గూ లాన్ కేబులూ గోడ నుంచి ఊడదీసి పెట్టాను. కరెంటు కుదుటపడ్డాక తగిలిస్తే, వదిలిన షీటే తెర మీదకు వచ్చింది.

యూపీఎస్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లకు ఒక మాట. కొన్ని యూపీఎస్‌లకు లోడు బాగా తక్కువగా ఉంటే బ్యాటరీ ఆదా కోసం కాసేపటికి వాటంతటవే ఆగిపోయే గుణం ఉంటుంది. స్లీప్‌లో ఉన్న సిస్టమ్ తీసుకునే కొద్ది వాట్లని అది లోడు కిందే లెక్కపెట్టదు. పని చేస్తున్నప్పుడు కరెంటు పోతే చక్కగా నిలబెట్టిన యూపీఎస్, నిద్రలో ఉన్నప్పుడు పోతే వదిలేస్తుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లకు ఇంకో చిక్కు: దాని మీద యూపీఎస్ మోడ్ మీట ఉంటే అది వేసి ఉండాలి, లేకపోతే మారే ఆ క్షణంలో సిస్టమ్ రీస్టార్ట్ అవ్వొచ్చు. కొత్త యూపీఎస్ కొనేటప్పుడు తక్కువ లోడు మీద ఆగిపోతుందా అని షాపులో అడగండి. చెప్పలేకపోతే, ఇంటికి తెచ్చాక ఫైళ్లన్నీ సేవ్ చేసి, సిస్టమ్‌ని స్లీప్‌లో పెట్టి, యూపీఎస్ ప్లగ్ గోడ నుంచి తీసి పావుగంట చూడండి. మధ్యలో బీప్ ఆగిపోయి లైట్లు ఆరిపోతే, మార్చుకునే గడువు ఉండగానే వెనక్కి ఇచ్చేయండి.