బోటుకి రంగు కలిపిస్తున్నారా? ఆ షాపు గుమ్మం ఎక్కే ముందు ఇది చదవండి

కోపం మీద రాస్తున్నాను, కాస్త అటూ ఇటూ అయితే ఏమనుకోవద్దు. కాకినాడలో ఫైబర్ బోట్లకి వాడే జిగురు రెజినూ, గాజు పీచు మ్యాటూ అమ్మే ఆ షాపు గురించే. ఫైబర్ బోటున్న వాళ్లలో అక్కడికి వెళ్లని వాళ్లు తక్కువ, మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. గుమ్మం పక్కన ‘కంప్యూటర్ మ్యాచింగ్’ అని పెద్ద బోర్డు ఉంటుంది చూశారా, అదే. పేరు రాసి ఆయనకి ఉచితంగా ప్రచారం చేసే ఓపిక నాకు లేదు.

మా బోటుకి పదకొండేళ్లు. నీలం రంగు. వేట నిషేధానికి ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, నది సముద్రంలో కలిసే మొగలోంచి లోపలికి వస్తుంటే జెట్టీ మూలకి కొట్టుకుని అణియం, అంటే బోటు ముందు భాగం, కుడి పక్క మూరెడు మేర పగిలింది. మేస్త్రీ పగిలినదంతా కోసేసి, మ్యాటు మీద మ్యాటు పరిచి, రెజిను పట్టించి గట్టి చేశాడు. ఆ పనికి వంక పెట్టడానికి లేదు. "రంగు మాత్రం మీరే తెచ్చుకోండి, పాత బోటుకి రంగు కుదిర్చే పూచీ నాది కాదు" అని ముందే చెప్పేశాడు.

మనం వేటకి తిప్పుకునే బోటైతే ఏ నీలమైనా ఒకటే. మేం అమ్మేద్దామనుకున్నాం. అమ్మే బోటుకి అతుకు కనిపిస్తే కొనేవాడికి అడుగు కూడా పోయిందేమోనని అనుమానం వస్తుంది. అందుకే ఈ తంటా అంతా.

పాత బోటు నీలం అంటే ఒక్క నీలం కాదు. ఫైబర్ మీద వేసే రంగు పూతే జెల్‌కోటు. దాని పైపొర ఎండకి మాడి సున్నంలా అయిపోతుంది, వేలితో రాస్తే నీలం పొడి అంటుకుంటుంది. ఆ పొడి కింద ఇంకో నీలం. లోపల బల్ల కింద, ఎండ తగలని చోట, మూడో నీలం. అది కొన్న రోజుటిది. మేస్త్రీ ఏం చేశాడంటే, కోసి పడేసిన వాటిలోంచి అరచేతంత ముక్క ఏరి, సగం అలాగే వదిలేసి, మిగతా సగం వాటర్ పేపరుతో రుద్ది కాంపౌండు పెట్టి మెరిపించాడు. "బోటంతా ఇలాగే రుద్దుతాం కాబట్టి మెరిసిన వైపుకే కలపమనండి" అని మార్కరుతో దాని మీద బాణం గుర్తు కూడా వేశాడు.

ఆ ముక్కని తువ్వాల్లో చుట్టుకుని అంతర్వేది నుంచి అమలాపురం, యానాం మీదుగా బస్సులు మారుకుంటూ కాకినాడ వెళ్లాను. ఓనరు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కెమెరాతో స్కాన్ చేయిస్తామండీ, వెంట్రుకంత తేడా వస్తే నన్నడగండి" అన్నారు. మ్యాచింగుకి విడిగా ఆరు వందలు. రెండ్రోజులాగి రమ్మన్నారు. మళ్లీ అన్ని బస్సులూ. డబ్బా, రంగుని గట్టిపరిచే హార్డ్‌నర్ సీసా, ఆ ఆరు వందలూ కలిపి 3,400 అయింది. ట్యూబ్‌లైటు కింద మూత తీసి చూపించారు. నీలమే కదా అని తల ఊపాను. బయట ఎండ మండిపోతోంది. ఆ డబ్బాని నాలుగడుగులు మోసి గుమ్మం దాటించి చూద్దామన్న బుద్ధి నాకు పుట్టలేదు. ముక్క వాపసు అడగను కూడా అడగలేదు. అంత తెలివి!

మేస్త్రీ అప్పటికి భైరవపాలెంలో వేరే పని మీద ఉన్నాడు. నాలుగు రోజులాగితే వచ్చేవాడు. జూన్ 14 దాటితే వేట మొదలవుతుంది, ఈలోపే కొనేవాళ్లు తిరుగుతారని నాకు తొందర. నేనూ మా బావమరిదీ పూసేశాం. అంతకుముందు షాపుకి ఫోన్ చేసి, చివరి కోటులో వ్యాక్స్ ఏమైనా కలపాలా అని అడిగాను. "అక్కర్లేదండీ, అన్నీ అందులోనే ఉన్నాయి" అన్నారు. లేవు. జెల్‌కోటు గాలి తగిలే వైపు పూర్తిగా ఆరదు. చివరి కోటులో కలిపిన మైనం పైకి తేలి గాలిని ఆపితేనే గట్టిపడుతుంది. ఈ ముక్క మేస్త్రీ వచ్చాక చెప్పాడు. మర్నాడు పొద్దున్న చెయ్యి పెడితే వేలిముద్ర పడింది. రాత్రి లైటుకి వచ్చిన రెక్కల పురుగులన్నీ అణియానికి అంటుకుని ఉన్నాయి, కొన్నింటికి ఇంకా కాళ్లు కదులుతున్నాయి. ఎసిటోను పెట్టి తుడిచి, పేపరుతో గీకి, ఆ జిడ్డు వదిలించేసరికి ఇద్దరికీ భుజాలు పోయాయి.

జిడ్డు పోయాక అసలు రంగు బయటపడింది. నీలం కాదు, నెమలి మెడ రంగు. బోటు మీద రాసిన నంబరులో ముందు అక్షరాలు పాత నీలం మీద, చివరి రెండంకెల చోటు ఈ కొత్త పచ్చదనం మీద. రేవులో అవతలి గట్టు నుంచి కూడా తెలుస్తోంది. "బోటుకి పట్టీ వేయించావేంటి బావా" అని ఒకడు అడిగాడు.

ఆదివారం ఒకాయన బోటు చూడ్డానికి వచ్చారు. ఇంజిన్ చూడలేదు, వలల సంగతి అడగలేదు. నేరుగా వెళ్లి ఆ అతుకు మీద వేలి కణుపులతో టకటకా కొట్టి, "ఎంత మేర పోయింది?" అన్నారు. రిపేరు చేసేటప్పుడు తీసిన ఫొటోలన్నీ చూపించాను. నమ్మారో లేదో గానీ, ముందు ఫోన్లో అనుకున్న దానిలో నలభై వేలు తగ్గించి అడిగారు. ఆలోచించుకుని చెబుతానన్నాను.

సోమవారం మిగిలిన డబ్బా పట్టుకుని మళ్లీ కాకినాడ. ఓనరు గారు ఫోన్లో ఉన్నారు. వేలెత్తి ఆగమని సైగ చేశారు, ఇరవై నిమిషాలు ఆగాను. తర్వాత నా ఫోన్లో ఫొటో చూసి, "బానే కలిసిందిగా" అన్నారు. ఇది కలవడమాండీ అంటే, నాకు జవాబు చెప్పకుండా పక్కనున్న ఇద్దరు కస్టమర్ల వైపు తిరిగారు. "పడవే కదండీ, ఆయ్! పెళ్లిచూపులకి కూర్చోబెడతారేంటి? చేపలకి రంగులు తెలుస్తాయా?"

వాళ్లిద్దరూ నవ్వారు. వాళ్లని ఏమీ అనను, మాట బానే పేలింది. నా బోటు మీద కాకపోతే నేనూ నవ్వేవాణ్ణే.

సరే, నేనిచ్చిన ముక్క తెండి, దాని పక్కన మీ రంగు పెట్టి చూద్దాం అన్నాను. "ఏ ముక్క?" అన్నారు. ఆ మాటకి ఏం చెప్పాలో తోచక తల దించాను. అప్పుడు కనిపించింది. ఆయన బల్ల కాలు కింద, నేలకి ఆనుకుని, నీలంగా. వంగి చూశాను. మెరిసిన వైపు పైకి ఉంది, మేస్త్రీ వేసిన బాణం గుర్తు సగం కాలి కిందకి పోయి, సగం బయటికి ఉంది. చుట్టూ దుమ్ము కట్టేసింది. తువ్వాల్లో చుట్టుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన ముక్క అది.

ఇదేంటండీ అంటే, "ఓ అదా, కుర్రాడు పెట్టుంటాడు, కావాలంటే తీసుకెళ్లండి" అన్నారు. సారీ లేదు, కనీసం మొహంలో రంగు మారలేదు. రంగు మార్చడం డబ్బాల్లోనే వచ్చు కాబోలు. నేను లాగేసరికి బల్ల ఒరిగి ఆయన టీ బిల్లు పుస్తకం మీద ఒలికింది. 3,400కి నాకు దక్కింది అదొక్కటే.

బయటికి వస్తుంటే కుర్రాడు నెమ్మదిగా చెప్పాడు. ఆ కెమెరా, మిషను గోడల రంగులకేనట. జెల్‌కోటుకి తెల్లదాంట్లో నీలం పేస్టు వేసి తనే కంటితో చూసి కలుపుతాడట. "నాకు ముక్క ఇవ్వలేదన్నా, నీలం బోటు అన్నారు, నీలం కలిపాను." వాడి తప్పేముంది!

డబ్బులు వాపసు రావు. బిల్లు మీద ‘కలిపిన రంగులు వాపసు తీసుకోబడవు’ అని ముద్ర ఉంది. ఆ ఆరు వందలకి అసలు బిల్లే లేదు. వినియోగదారుల నంబరు 1915కి ఫోన్ చెయ్యమని మా బావమరిది అంటున్నాడు. చేస్తాను, కానీ మ్యాచింగ్ అన్న మాటే లేని బిల్లు పట్టుకుని ఏం చూపించను?

మీరైతే ఇవి చూసుకోండి. రంగుని షాపులో కాదు, ఎండలో చూడాలి. తడిగా ఉన్నప్పుడు చూస్తే లాభం లేదు, హార్డ్‌నర్ కలిపి చిన్న చెక్క మీద పూసి ఆరాక చూడాలి. ముక్కని రెండుగా కోసి ఒకటి ఇంట్లో ఉంచుకోండి. మ్యాచింగ్ డబ్బులు కూడా బిల్లులో రాయించండి. ఇంకోటి, రంగు ఎంత బాగా కలిసినా అతుకు మధ్యలో ఆపితే గీత తెలుస్తుంది, పక్కనున్న అంచు పట్టీ దాకా లాగేస్తే కన్ను పట్టుకోదు అని మేస్త్రీ అన్నాడు. ఇది పూయకముందు అడిగుంటే బాగుండేది.

ఇప్పుడు ఆ పచ్చదంతా గీకించి మళ్లీ పూయించాలి. నర్సాపురం, భీమవరం వైపు జెల్‌కోటు సరిగ్గా కలిపేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. కంప్యూటర్ అక్కర్లేదు, ముక్క చేత్తో పట్టుకుని నాతో ఎండలోకి వచ్చేవాడైతే చాలు. ముక్క నా దగ్గరే ఉంది. బల్ల కాలి గుండ్రటి మచ్చ తుడిస్తే పోలేదు, కానీ రంగు తెలుస్తోంది.