నురుగు గిన్నెలోనా, చెంప మీదేనా?

బ్రష్షుతో గడ్డం గీసుకునేవారు నురుగును గిన్నెలో తయారుచేసుకోవచ్చు, లేదా నేరుగా చెంపల మీదే పుట్టించుకోవచ్చు. గిన్నెతో ఉన్న అసలు సౌలభ్యం నురుగు తయారీ కంటికి కనబడడమే. తడిపి పిండిన బ్రష్షును సబ్బు మీద అర నిమిషం తిప్పి, గిన్నెలో గిలక్కొడుతూ కొద్దికొద్దిగా నీళ్లు చిలకరిస్తూ పోతే, మొదట మెరుపు లేకుండా జిగటగా ఉన్న ముద్ద క్రమంగా మీగడలా నిగనిగలాడుతుంది. పెద్ద బుడగలు తేలుతున్నాయంటే నీళ్లు ఎక్కువైనట్టు, లేదా సబ్బు చాలనట్టు.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో గిన్నెకు మరో ప్రయోజనం ఉంది. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టుగా మారి నురుగును అణచివేస్తాయి కాబట్టి, బ్రష్షు నానబెట్టడానికీ నురుగు కలపడానికీ మాత్రం ఆర్‌ఓ ఫిల్టరు నీళ్లు కాసిన్ని పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. గిన్నె మాత్రం పింగాణీదైతే మేలు. పలుచని స్టీలు గిన్నెలో వేడి తొందరగా దిగిపోతుంది, పైగా తడి చేతిలో జారుతుంది.

చెంప మీద నురుగు పుట్టించడంలో సామాను తక్కువ, కడిగే పనీ లేదు. బ్రష్షు రాపిడికి చర్మానికి అంటుకుపోయిన వెంట్రుకలు లేచి, వాటి మొదళ్ల దాకా తడి చేరుతుంది కనుక, దట్టమైన, బిరుసు గడ్డానికి నా ఓటు ఈ పద్ధతికే. అయితే మొటిమలున్నవారికీ, సున్నితమైన చర్మం గలవారికీ ఆ రాపిడే మంట తెప్పిస్తుంది. వారూ, కొత్తగా నేర్చుకుంటున్నవారూ గిన్నెనే ఎంచుకోవాలి.