పానాప్టికాన్: ముందు ‘కెంటకీ’ వినాలా, ‘ద రైమ్ ఆఫ్ మెమరీ’ వినాలా?

పానాప్టికాన్ అంటే మెటల్, అంటే హోరెత్తే గిటార్ల రాక్, వాయించే బ్యాండ్ అనుకుంటాం గానీ, స్టూడియోలో దాదాపు అంతా ఒక్కడే. పేరు ఆస్టిన్ లన్. డ్రమ్స్, గిటార్లు, బాంజో (అమెరికా జానపదుల తీగవాద్యం), ఆ గొంతు చించుకునే అరుపులు అన్నీ తనవే. వయొలిన్ లాంటి వాటికి స్నేహితుల సాయం తీసుకుంటాడు, కచేరీలకు మాత్రం మనుషుల్ని కూడగట్టుకుంటాడు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయివిల్‌లో మొదలైన ఈ మనిషి తర్వాత ఉత్తరాన మిన్నెసోటాకు మారిపోయాడు. ఆల్బమ్‌లు చాలానే చేశాడు. ఎక్కడ మొదలుపెట్టాలి అన్న మాటొస్తే నా దగ్గర లెక్క మూడింటి దగ్గర తేలుతుంది: 2012లో వచ్చిన ‘కెంటకీ’, 2018 నాటి డబుల్ ఆల్బమ్, 2023 నాటి ‘ద రైమ్ ఆఫ్ మెమరీ’.

డబుల్ ఆల్బమ్‌ని ముందే పక్కన పెట్టేస్తాను. రెండు గంటలు. మొదటి సగమంతా మెటల్, రెండో సగమంతా జానపదం, కంట్రీ అనే అమెరికా పల్లె సంగీతం. విడివిడిగా రెండూ బాగుంటాయి. కానీ అన్నం ఒక గదిలో, పప్పు ఇంకో గదిలో వడ్డించినట్టు ఉంటుంది. కొత్తగా వినేవాళ్లకు ఇది వద్దు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

‘కెంటకీ’ బొగ్గు గురించి. మొదట బాంజో, ఫిడేల్‌తో ఒక చిన్న ముక్క, వెంటనే బ్లాస్ట్ బీట్ల (తెరిపి లేకుండా మహా వేగంగా కొట్టే డ్రమ్స్) వాన, దాని మీద సన్నని పిల్లనగ్రోవి. ఆ తర్వాత గిటార్లన్నీ ఆగిపోయి, గని కార్మికుల పాత పాట మొదలవుతుంది. ఇలాంటి పాటలు ఇందులో మూడున్నాయి. ఒకటి ‘విచ్ సైడ్ ఆర్ యూ ఆన్?’ 1931లో కెంటకీలోని హార్లన్ కౌంటీలో గని యజమానులకూ యూనియన్‌కూ గొడవ నడుస్తున్నప్పుడు, యూనియన్ నాయకుడైన తన భర్త కోసం షెరీఫ్ మనుషులు ఇంట్లో జొరబడి సోదా చేస్తే, ఫ్లోరెన్స్ రీస్ అనే ఇల్లాలు గోడ మీది క్యాలెండర్ కాగితం చించి దాని మీద రాసిన పాట. లన్ దాన్ని మెటల్‌గా మార్చలేదు. ఉన్నదున్నట్టు పాడి పక్కన పెట్టాడు. దాని తర్వాతి పాట, కొండల తలలు పేల్చేసి బొగ్గు తవ్వే పద్ధతి మీద.

ఇక్కడ లోపాలూ ఉన్నాయి. అతుకులు కనిపిస్తాయి. మెటల్ నుంచి బాంజోకి మారేటప్పుడు బస్సు సడన్ బ్రేక్ వేసినట్టుంటుంది. ధ్వని కూడా కాస్త ముద్దగా ఉంటుంది, చెవి పెట్టి వింటే తప్ప బేస్ దొరకదు.

‘ద రైమ్ ఆఫ్ మెమరీ’లో ఆ అతుకుల్లేవు. పదకొండేళ్లలో మనిషి ఎంత నేర్చుకున్నాడో ‘వింటర్స్ గోస్ట్’ ఒక్కటి విన్నా తెలుస్తుంది. దాదాపు 20 నిమిషాలు. ఎక్కడ తీగలు ఆగాయో, ఎక్కడ డ్రమ్స్ ముంచెత్తాయో పట్టుకోలేం. డ్రమ్స్ దెబ్బ దెబ్బా విడిగా వినిపిస్తుంది. విషయమూ మారింది: వయసు మీద పడటం, జ్ఞాపకాలు, పలచబడుతున్న చలికాలాలు. ఒక పాట పేరులో ‘మంచు కరువు’ అనే మాట ఉంది. వాన కరువు ఎరిగిన మనకు ఆ మాట ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. పనితనం చూస్తే ఇదే మేలు, అందులో వాదన లేదు. కాకపోతే గంటంబావు ఆల్బమ్, మధ్యలో ఆపితే పట్టు పోతుంది. ఇంటి పనుల మధ్య వినేది కాదు.

అయినా ముందు వినమని నేను చేతిలో పెట్టేది ‘కెంటకీ’నే. ఆ అతుకులే నాకు కావాలి. తర్వాతి రికార్డుల్లో లన్ వాటిని నున్నగా చెక్కేశాడు. ఇందులో పాత పాట ఒకవైపు, దాన్ని విని రగిలిపోయినవాడి కేక ఒకవైపు విడిగా నిలబడి ఉంటాయి.

మాది కొత్తగూడెం. నాన్న సింగరేణిలో చేసి రిటైరయ్యాడు. ఒకసారి ఇంట్లో ఇదే పెట్టాను. కార్మికుల పాటకి తల ఊపాడు. తర్వాతి మెటల్ పాట మొదలవగానే, “ఏం లొల్లిరా ఇది, బంద్ చెయ్యి” అన్నాడు. నేను ఫోన్ తీసేలోపు మధ్యలో గిటార్లు తగ్గి, సమ్మె రోజుల గురించి చెప్పే పాత గొంతులు వచ్చాయి. ఆ యాస నాకే సగం అర్థం కాదు, నాన్నకు ఒక్క ముక్కా అర్థం కాదు. ‘యూనియన్’ అన్న మాట మాత్రం పట్టుకున్నాడు.

“బాయి పని చేసినోళ్లేనా?” అన్నాడు.

“అవును నాన్నా.”

“అయితే ఉండనియ్యి. వాళ్లు చెప్పేది అయిపోనీ.”