దుప్పి నుంచి మూస్ దాకా: ఏ క్యాలిబర్ రైఫిల్ కొనవచ్చు

ఉత్తర అమెరికాలో పెద్ద జంతువుల వేటకు మొదటిసారి రైఫిల్ కొనదలచినవారికి దుకాణంలో వినిపించే క్యాలిబర్ల (గుండు వ్యాసాన్ని బట్టి పిలిచే తూటా రకాల) పేర్లు చాలానే ఉన్నా, నిజంగా పోల్చి చూడవలసినవి అయిదారే. ఈ సమీక్షకు .243 వించెస్టర్, 6.5 క్రీడ్‌మూర్, .270 వించెస్టర్, .308 వించెస్టర్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, .300 వించెస్టర్ మాగ్నమ్‌లను తీసుకున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒకే రైఫిల్‌తో వైట్‌టెయిల్ దుప్పినీ, దానికంటే చాలా పెద్ద జింక అయిన ఎల్క్‌నూ వేటాడాలనుకునేవారికి .308 మొదటి ఎంపిక, రీకాయిల్‌కు, అంటే కాల్చినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి తన్నే దెబ్బకు, జంకేవారికి 6.5 క్రీడ్‌మూర్ మేలు, ఎక్కువ మందు పట్టే మాగ్నమ్ మాత్రం దాని అవసరం స్పష్టంగా తెలిసినవారికే.

రీకాయిల్‌కు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, జంతువును త్వరగా, బాధ లేకుండా పడగొట్టేది గుండు గుండెకో ఊపిరితిత్తులకో తగలడమే తప్ప క్యాలిబర్ పేరు కాదు. దుప్పిలో ఆ చోటు అడ్డంగా ఎనిమిది అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణాన భుజం బిగబట్టి కళ్లు మూసుకునే అలవాటు పడినవాడికి ఆ ఎనిమిది అంగుళాలు నూరు గజాల దూరంలో కూడా చాలవు. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో 6.5 క్రీడ్‌మూర్ రీకాయిల్ సుమారు 12 ఫుట్ పౌండ్లు (శక్తికి కొలమానం), 180 గ్రెయిన్ల (గుండు బరువుకు కొలమానం) గుండుతో .30-06ది 20 దరిదాపుల్లో, .300 మాగ్నమ్‌ది 25 దాటి ఉంటుంది. ఈ అంకెలు కాగితం మీద చిన్నవిగా కనిపించినా, సాధన కోసం ఒక పెట్టె తూటాలు వరుసగా కాల్చినవారికి వాటి మధ్య తేడా భుజమే చెబుతుంది.

.308, .30-06ల మధ్య వాదన ఎంతకూ తెగదు గానీ, దానికి అంత అవసరం ఉందని నేననుకోను. 1906లో అమెరికా సైన్యం చేపట్టిన .30-06 తూటా ఇత్తడి కేసు పొడవు 63 మిల్లీమీటర్లు, 1952లో వచ్చిన .308ది 51 మిల్లీమీటర్లు. రెండూ పేల్చేది ఒకే వ్యాసం గల గుండును. పొట్టి కేసులో మందు తక్కువ పట్టినా వేగంలో తేడా సెకనుకు వంద అడుగులకు అటూ ఇటూ మాత్రమే. ఆ వందను వదులుకున్నందుకు పొట్టి యాక్షన్ (తూటాను గొట్టంలోకి ఎక్కించే యంత్రభాగం), కాస్త తేలికైన రైఫిల్, తక్కువ దూరం లాగితే చాలే బోల్ట్, తగ్గిన రీకాయిల్ దక్కుతాయి. అయితే 200, 220 గ్రెయిన్ల బరువైన గుళ్లతో జింక జాతిలోకెల్లా పెద్దదైన మూస్‌నో పెద్ద ఎలుగుబంటినో ఎదుర్కోవలసి వస్తే పొడవైన కేసు విలువ తెలుస్తుంది. అలాంటివారు .30-06 తీసుకోవడమే సబబు.

6.5 క్రీడ్‌మూర్ గురించి జరిగే ప్రచారంలో సగం అతిశయోక్తి, దానిమీద పడే ఎగతాళిలోనూ సగం అంతే. హార్నడీ సంస్థ 2007లో గురి పోటీల కోసం రూపొందించిన ఈ తూటా 143 గ్రెయిన్ల సన్నని, పొడవైన గుండును సెకనుకు 2,700 అడుగుల వేగంతో పంపుతుంది. బరువుకు తగ్గ సన్నదనం వల్ల ఆ గుండు గాలిలో వేగాన్ని నిలుపుకుంటుంది, కండలోకి లోతుగా దిగుతుంది. స్కాండినేవియా వేటగాళ్లు ఇదే వ్యాసం గల 6.5×55తో తరతరాలుగా మూస్‌ను వేటాడుతున్నారన్నది మరువరాదు. ఇక్కడొక విచిత్రం ఉంది. 150 గ్రెయిన్ల మామూలు .308 గుండు గొట్టం దగ్గర ఎక్కువ శక్తితో బయలుదేరినా, 300 గజాలు చేరేసరికి 6.5 కంటే వెనుకబడుతుంది. కాబట్టి ఎల్క్ కోసం .308 కొనేవారు 165 నుంచి 180 గ్రెయిన్ల మధ్య, ముందు భాగం సూదిగా ఉండి గట్టిగా తయారైన గుండునే ఎంచుకోవాలి. లేకపోతే నా మొదటి ఎంపికకు అర్థం లేదు. ఎల్క్‌కు 1,500 ఫుట్ పౌండ్ల శక్తి కావాలనే వాడుక లెక్కను పాటిస్తే 6.5 హద్దు దాదాపు 400 గజాలు, అంతకు మించిన దూరంలో జంతువుపై కాల్చదగ్గవారు ఎలాగూ కొద్దిమందే.

1925 నాటి .270 తన 130 గ్రెయిన్ల గుండును 3,060 అడుగుల వేగంతో పంపి, మ్యూల్ డీర్ అనే దుప్పి జాతి తిరిగే బయలు ప్రాంతాల్లో ఇప్పటికీ మంచి పేరు నిలుపుకుంటోంది. కానీ 200 గజాల దగ్గర గురి సరిగ్గా తగిలేలా సరిచేసిన రైఫిళ్లలో 300 గజాల దగ్గర దీనికీ .308కీ మధ్య గుండు కిందికి దిగడంలో తేడా రెండంగుళాలకు కాస్త అటూ ఇటూ మాత్రమే. .243 దుప్పికి చాలు, కొత్తగా నేర్చుకునేవారికి హాయిగా ఉంటుంది, ఎల్క్‌కు మాత్రం నేను సూచించను. కొలరాడో నిబంధనలు .24 క్యాలిబర్ నుంచే పెద్ద జంతువుల వేటను అనుమతిస్తాయి గానీ, చట్టం ఒప్పుకునే కనిష్ఠం వేరు, వేటకు తగినది వేరు.

క్యాలిబర్ కంటే గుండు నిర్మాణమే పెద్ద విషయమని నా ఉద్దేశం. పలుచని రాగి తొడుగులో మెత్తని సీసం ఉన్న మామూలు గుండు దుప్పికి సరిపోతుంది, కానీ ఎల్క్ భుజపుటెముకకు తగిలితే ముక్కలైపోవచ్చు. సీసాన్ని తొడుగుకు అతికించి చేసినవీ, పూర్తిగా రాగితో చేసినవీ అక్కడ ఆకారం నిలుపుకుంటాయి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం లేని గుళ్లే వాడాలి. రాగి సీసం కంటే తేలిక కనుక అదే బరువుకు రాగి గుండు పొడవవుతుంది. అందుచేత .308లో 180కి బదులు 150 లేదా 165 గ్రెయిన్ల రాగి గుండు తీసుకుంటే వేగం నిలిచి, తగిలినప్పుడు అది సరిగా విచ్చుకుని వెడల్పవుతుంది.

ఇక 1963లో వచ్చిన .300 వించెస్టర్ మాగ్నమ్. పెట్టె మీద అచ్చయ్యే వేగం సాధారణంగా 24 అంగుళాల గొట్టంతో కొలిచినది. మోయడానికి వీలుగా ఉంటుందని పొట్టి గొట్టంతో మాగ్నమ్ కొనేవారు దాని రీకాయిల్‌నూ చప్పుడునూ పూర్తిగా భరిస్తూ, దేనికోసం కొన్నారో ఆ వేగంలో మంచి భాగాన్ని వదులుకుంటున్నారు.