బాల్కనీకి డబ్బులు తగలేయకండి: శ్రీకాకుళం నుంచి నార్వే కొస దాకా మా క్రూజ్

కంపెనీ పేరు మాత్రం రాయను, ఎందుకంటే ఇందులో తిట్లు కూడా ఉన్నాయి, తర్వాత వాళ్ళు మెయిల్స్ పెడితే జవాబు చెప్పుకునే ఓపిక నాకు లేదు. పెద్ద షిప్పే, లగ్జరీ అని రాసుకుంటారు, ఇంగ్లాండ్‌లో సౌతాంప్టన్‌లో ఎక్కి నార్వే ఒడ్డు వెంబడి పైదాకా వెళ్ళి మళ్ళీ అక్కడే దిగడం, మొత్తం 14 రాత్రులు. లండన్‌లో ఉండే మా తమ్ముడు బుక్ చేశాడు. వాడు, మా మరదలు ఒక క్యాబిన్, నేను మా ఆయన మా అత్తగారు ఒక క్యాబిన్. అత్తగారికి 74. కళింగపట్నం ఆవిడది, పుట్టింది పెరిగింది సముద్రం పక్కనే గానీ ఓడ ఎక్కడం మాత్రం ఇదే మొదలు.

వెళ్ళాలనుకునేవాళ్ళు వీసా సంగతి ముందు చూసుకోండి. మన పాస్‌పోర్టుకి యూకే వీసా వేరు, నార్వేకి షెంగెన్ వీసా వేరు (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా అది), రెండూ కావాలి. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు కదా షెంగెన్ ఎందుకు అని మా ఆయన ఏజెంటుతో అరగంట వాదించారు, యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది, అంతే. వైజాగ్ నుంచి లండన్ ప్రయాణం గురించి రాసేదేమీ లేదు, కాళ్ళు వాచాయి.

ఎక్కేటప్పుడే మొదటి దెబ్బ. నేను చిన్న రైస్ కుక్కర్ ఒకటి నైటీల్లో చుట్టి సూట్‌కేస్ అడుగున పెట్టా. 14 రోజులు అత్తగారికి బ్రెడ్డు పెట్టి ఎలా ఉంచుతాను చెప్పండి. స్కానర్‌లో దొరికిపోయింది. సూట్‌కేస్ క్యాబిన్‌కి రాలేదు, కిందకి వచ్చి తీసుకోమని చీటీ వచ్చింది, వెళితే ఒక గదిలో ఇస్త్రీ పెట్టెలు, కెటిల్స్, కొవ్వొత్తులు వరసగా పెట్టున్నాయి, వాటి మధ్య నా కుక్కర్. దానికి స్టిక్కర్ అంటించి ఆఖరి రోజు ఇస్తామన్నారు. తప్పు వాళ్ళది కాదు, ఓడలో నిప్పంటుకుంటే పారిపోవడానికి చోటుండదు, వేడెక్కే సామాన్లు ఏవీ తేవొద్దని రూల్స్‌లో రాసే ఉంది, నేనే చదవలేదు. ఆవకాయ, గోంగూర మాత్రం వదిలేశారు. దీపారాధన కుంది, వత్తులు కూడా వద్దన్నారు, అది అత్తగారికి చెప్పడానికి నాకు రెండు గంటలు పట్టింది.

షిప్పు లోపల బాగుంటుంది, కాదనను. తొమ్మిదో అంతస్తులో మా గది, ఎర్ర తివాచీలు, లిఫ్టులో కింద పరిచే, ఏ వారమో రాసిన చిన్న తివాచీ రోజూ మారుస్తారు, ఎందుకా అనుకున్నా, అయిదో రోజుకి తెలిసింది, ఈవేళ ఏ వారమో ఎవరికీ గుర్తుండట్లేదు. గది రోజుకి రెండుసార్లు సర్దుతారు, టవల్‌తో ఏనుగు, కోతి బొమ్మలు చేసి మంచం మీద పెడతారు, అత్తగారు ఆ ఏనుగుని విప్పనివ్వలేదు, వినాయకుడిలా ఉందని. తిండి అంటే ఇరవై నాలుగ్గంటలూ ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. రోజుకొక పప్పు, ఒక కూర ఇండియన్ అని పెడతారు, పప్పు పర్లేదు, కూర అన్ని రోజులూ ఒకటే గ్రేవీ, లోపల ముక్కలు మారతాయంతే. అన్నం మాత్రం మెతుకు మెతుకు విడిగా, చెంచాలో నిలవదు. ఆవకాయ లేకపోతే ఏమయ్యేవాళ్ళమో.

డబ్బుల దగ్గర జాగ్రత్త. టికెట్‌లో అన్నీ ఉన్నాయంటారు, ఉండవు. వైఫై వేరు, కూల్ డ్రింకులు వేరు, టిప్పు అని మనిషికి రోజుకింత చొప్పున వాళ్ళే మన ఖాతాలో వేసుకుంటారు. ఆ టిప్పు తీసేయించొచ్చు అని తమ్ముడు చెప్తే మా ఆయన రిసెప్షన్‌కి బయల్దేరారు కూడా, ఆ రోజు మధ్యాహ్నమే సోంపేట కుర్రాడు కనపడి ఆగిపోయారు.

డైనింగ్ హాల్లో మా అత్తగారు "ఏటే ఈ కూర, ఉప్పూ కారం ఏటీ లేదు" అంటుంటే, ప్లేట్లు తీస్తున్న కుర్రాడు చటుక్కున ఆగి "మామ్మా, మీదే ఊరు?" అన్నాడు. సోంపేట పక్కన పల్లె అతనిది. ఏడు నెలల కాంట్రాక్ట్, మధ్యలో సెలవు రోజంటూ లేదు, రోజుకి పది గంటల పని, గది నీటి మట్టానికి కిందెక్కడో, ఇద్దరికొకటి, కిటికీ ఉండదు. మేం వెళ్తున్న ఆ కొస ఊరి గురించి అడిగితే "నాలుగుసార్లు వచ్చానండి, ఒకసారే దిగాను, అది కూడా ఫోన్‌కి సిమ్ కొనడానికి" అన్నాడు. మా ఆయన మళ్ళీ టిప్పు మాట ఎత్తలేదు. సాయంత్రానికి గోంగూర సీసా మా దగ్గర లేదు, ఎవరికిచ్చారని నేను అడగలేదు, అత్తగారు చెప్పలేదు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. బాల్కనీ గదికి మేం చాలా ఎక్కువ కట్టాం, సముద్రం కనపడాలని. ఆర్కిటిక్ సర్కిల్ దాటాక, అంటే 66న్నర డిగ్రీల అక్షాంశం పైన, మేం వెళ్ళిన ఈ వేసవి సీజన్‌లో సూర్యుడు అస్తమించడు. భూమి ఇరుసు వంగి ఉండటం వల్ల ఉత్తరం కొస మొత్తం సూర్యుడి వైపే వాలి ఉంటుంది, చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదివిందే. చదవడం వేరు, రాత్రి పదకొండుకి దుప్పటి మీద ఎండ పడి కళ్ళు మండటం వేరు. కర్టెన్లు మందంగానే ఉన్నాయి గానీ రెండిటి మధ్య వేలెడు సందు, ఆ సందులోంచి కత్తిలా వెలుగు సరిగ్గా నా దిండు మీదే. బట్టల క్లిప్పు పెట్టా, పిన్నీసు పెట్టా. మూడు రాత్రులు నిద్ర లేదు. మా తమ్ముడు వాళ్ళు కిటికీ లేని ఇన్‌సైడ్ క్యాబిన్ తీసుకున్నారు, మా రేటులో సగానికి కొంచెం ఎక్కువ, చీకటి గుయ్యారం, పొద్దున తొమ్మిదికి ఒళ్ళు విరుచుకుంటూ టిఫిన్‌కి వచ్చేవాళ్ళు. సముద్రం చూడాలంటే పైన డెక్కు ఊరికే ఉంది, కుర్చీలు కూడా వేసుంటాయి. కాబట్టి వేసవిలో ఉత్తరానికి వెళ్తే బాల్కనీ దండగ, ఇది గట్టిగా చెప్తున్నా.

అత్తగారి బాధ వేరే. ఆవిడ రోజూ దీపం పెట్టే వేళకి దీపం పెట్టాలి. నిప్పు లేదు కాబట్టి బ్యాటరీ దీపం కొనిచ్చాం, దానికి ఒప్పుకుంది, కానీ వేళ ఏదీ? "పొద్దు గూకదేటే ఇక్కడ?" అని గంటకోసారి బాల్కనీలోకి వెళ్ళి చూసొచ్చేది. చివరికి శ్రీకాకుళం టైము ప్రకారం పెడతానంది, అంటే ఓడలో మధ్యాహ్నం మూడింటికి. ఒక రాత్రి సరిగ్గా పన్నెండుకి అందరం డెక్కు మీదకి వెళ్ళాం, సూర్యుడు నీళ్ళకి బెత్తెడు పైన నారింజ రంగులో ఆగున్నాడు. ఆవిడ పొందూరు ఖద్దరు చీర, లోపల థర్మల్స్, పైన తమ్ముడి జాకెట్, దండం పెట్టబోయి ఆగి "ఇది ఏ దిక్కురా" అంది. మా ఆయన ఫోన్‌లో దిక్సూచి చూస్తే ఉత్తరం. అర్ధరాత్రి సూర్యుడు ఉత్తరాన ఉంటాడు ఇక్కడ. "అరసవల్లిలో సామి పాదాల మీద ఎండ పడాలని మార్చిలో ఒకపాలి అక్టోబర్లో ఒకపాలి జనాలు తెల్లారగట్లే వచ్చి నిలబడతారు, ఇక్కడేమో ఈయన ఇంటికే ఎల్లడు" అని దండం పెట్టుకుంది. పక్కనున్న తెల్లవాళ్ళు షాంపేన్ తాగుతూ ఆవిడని ఫోటో తీశారు, అడిగి తీసుంటే బాగుండేది.

హోనింగ్స్‌వోగ్. ఇదీ ఆ కొస ఊరు. మాగెరోయా అనే దీవిలో ఉంది, రెండున్నర వేల లోపు జనం, చెట్టన్నది దాదాపు కనపడదు, రాళ్ళూ నాచూ గడ్డీ, నీళ్ళ పక్కన రంగు రంగుల చెక్క ఇళ్ళు. షిప్పు నేరుగా రేవులోకే వెళ్తుంది, మెట్లు దిగితే ఊళ్ళో ఉంటాం. మా షిప్పు ఆ ఇళ్ళన్నిటికంటే ఎత్తుగా ఉంది, చూడ్డానికి కొంచెం సిగ్గేసింది కూడా, ఊరంత ఓడలో వచ్చి ఊరు చూడటం.

అందరూ ఇక్కడికొచ్చేది నార్త్ కేప్ అనే కొండ కొస కోసం. షిప్పు వాళ్ళ బస్సు టూరు మనిషికి పన్నెండు వేలు పడింది. ముప్పావు గంట ప్రయాణం, దారిలో రెయిన్‌డీర్లు రోడ్డు మీద మన ఆవుల్లాగే నిలబడతాయి, హారన్ కొట్టినా కదలవు. చివర 307 మీటర్ల కొండ అంచు, అక్కడ ఇనప గ్లోబు, 1978లో పెట్టింది. మేం చూసిందల్లా పొగమంచు. గ్లోబు పక్కన నిలబడి తీయించుకున్న ఫోటోలో గ్లోబు కూడా సగమే ఉంది. లోపల హాలు, కాఫీ, సినిమా ఉన్నాయి, 1907లో సయాం (ఇప్పటి థాయిలాండ్) రాజు చూలాలాంగ్‌కార్న్ వచ్చినందుకు చిన్న థాయ్ మ్యూజియం ఉంది, అది బాగుంది. ఇంకో సంగతి, యూరప్ చిట్టచివర ఇదే అని బోర్డులు పెట్టుకుంటారు గానీ అదే దీవిలో పక్కనున్న క్నివ్‌షెల్లోడెన్ అనే ముక్కు దీనికంటే ఇంకా కొంచెం ఉత్తరానికి పోయుంటుంది, దానికి నడిచే వెళ్ళాలి, బస్సు పోదు, అందుకని దానికి పేరు రాలేదు. మంచు వాళ్ళ చేతిలో లేదు, ఒప్పుకుంటా, కానీ పొద్దున్నే పైన మంచు ఉందని తెలిసి కూడా ఒక్క మాట చెప్పకుండా అన్ని బస్సులూ నింపి పంపారు, అడిగితే డబ్బులు వాపసు లేవన్నారు. ఇది నాకు మింగుడు పడలేదు.

తిరిగొచ్చాక ఇంకా మూడు గంటలు టైముంది. మిగతావాళ్ళు షిప్పులో టీ టైమని ఎక్కేశారు. మేం ఊళ్ళో నడిచాం, మొత్తం 14 రోజుల్లో నాకు మిగిలింది ఈ మూడు గంటలే.

తెల్ల చెక్క చర్చి ఒకటుంది, 1885లో కట్టింది. 1944లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ ఊరు మొత్తం తగలబెట్టేసింది, ఈ చర్చి ఒక్కటే మిగిలింది. తిరిగొచ్చినవాళ్ళు ముందు ఇందులోనే తలదాచుకుని ఊరు మళ్ళీ కట్టుకున్నారట. అత్తగారికి ఇది చెప్తే బెంచీ మీద కూర్చుండిపోయింది. 2018లో తిత్లీ తుఫానుకి పలాస వైపు ఆవిడ చెల్లెలి కొబ్బరి తోట, జీడి తోట మొత్తం పోతే స్కూల్లో పడుకున్నారు వాళ్ళు. "ఇదీ తుపాను బడే" అంది.

అక్కణ్ణుంచి రేవు చివరికి నడిస్తే గాలిలో వాసన. ఆవిడే ముందు పట్టింది. కర్రలతో పెద్ద పందిళ్ళు, వాటికి వేలాడుతూ ఎండుచేపలు. చాలా మటుకు దించేసినట్టున్నారు, తలకాయల గుత్తులు మాత్రం ఇంకా ఉన్నాయి, గాలికి ఒకదానికొకటి తగిలి టకటకమని చెక్కముక్కల్లా మోగుతున్నాయి. కాడ్ చేప. చలికాలంలో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తుంది, పట్టి, రెండేసి చేపల తోకలు కలిపి కట్టి ఫిబ్రవరి నుంచి మే దాకా వేలాడదీస్తారు. ఉప్పు లేదు! మన భావనపాడులో, కళింగపట్నంలో కవళ్ళకి కానాగంతలకి ఉప్పు పట్టించి ఇసకలో ఎండబెట్టకపోతే సాయంత్రానికి పురుగు పడుతుంది, వీళ్ళకి గాలి సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి ఈగ ఉండదు, కుళ్ళదు, గడ్డకట్టదు, మెల్లగా ఎండుతుంది. చేపలు ఇటలీకి పోతాయి, తలకాయలు నైజీరియాకి, అక్కడ పులుసుల్లో వేసుకుంటారట. మా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు కదా, చేప తలకాయకి గిరాకీ ఉండటం మాకేం వింత కాదు.

పక్కనున్న కొట్టులో పెద్దావిడ కూర్చునుంది, ఇంగ్లీషు బానే మాట్లాడుతుంది, కానీ మా అత్తగారు తెలుగులోనే అడిగింది, ఆవిడ నార్వేజియన్‌లో చెప్పింది, మధ్యలో నేను అనవసరం అయిపోయాను. అత్తగారు ఎండుచేపని గోటితో గీకింది, మొప్ప దగ్గర వాసన చూసింది, బల్ల మీద కొట్టి చూసింది, కర్రలా టంగుమంది. కొట్టావిడ నవ్వి ఇంకోటి లోపల్నుంచి తెచ్చి ఇది మంచిదన్నట్టు చేతిలో పెట్టింది. బేరం ఆడబోతే నేనే ఆపాను. మూర పొడవు చేప ఒకటి కొన్నాం, పేపర్లో చుట్టిచ్చింది.

రేటింగ్ అంటే, గది సర్వీసుకి 5కి 5, తిండికి 3, టూరుకి 1. సీనియర్లని తీసుకెళ్తే లిఫ్టులు, వీల్‌చెయిర్లు, డాక్టరు అన్నీ ఉన్నాయి, భయం లేదు, డాక్టరు ఫీజు మాత్రం అడగకండి, ట్రావెల్ ఇన్సూరెన్స్ చేసుకునే ఎక్కండి. కళ్ళకి గంతలు నాలుగు జతలు పట్టుకెళ్ళండి. టూరు షిప్పులో బుక్ చెయ్యకుండా దిగాక ఆకాశం చూసి నిర్ణయించుకోండి.

ఆఖరి రోజు కుక్కర్ ఇచ్చేశారు, స్టిక్కర్ ఇంకా పీకలేదు నేను. ఇంటికొచ్చాక ఆ చేపని రంపంతో కోసి, అయిదు రోజులు రోజూ నీళ్ళు మార్చి నానబెట్టి, వంకాయ, చింతపండు వేసి అత్తగారే ఆ కుక్కర్ పక్కన పొయ్యి మీద వండింది. వీధి వీధంతా వాసన చూసింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమిలి, "ఉప్పు చాల్లేదే" అని లేచి డబ్బా తెచ్చుకుంది.